వాడేసిన అణు ఇంధనంలో ప్లుటోనియం ఎంతుందో రాడ్ కొయ్యకుండా న్యూట్రాన్లతో చెప్పగలమా?

వెన్నెల_ఫిజిక్స్

ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి ఈ టాపిక్ తీసుకున్నాను. చదివేకొద్దీ గందరగోళమే పెరుగుతోంది, అందుకే ఇక్కడ అడుగుతున్నా. రియాక్టర్ నుంచి బయటికి తీసిన ఇంధనంలో ఏ ఐసోటోప్ ఎంతుందో, ఆసిడ్‌లో కరిగించకుండా, ముక్కలు చెయ్యకుండా, బయటి నుంచే చెప్పాలి. డౌట్లు రెండు. ఆ అసెంబ్లీ (ఇంధన రాడ్ల కట్ట) ఎన్నాళ్ళు ఏ పవర్ దగ్గర నడిచిందో రికార్డు ఉంటుంది కదా, దాన్ని కంప్యూటర్ కోడ్‌లో పెడితే ప్రతి ఐసోటోపూ గ్రాముల్లో వచ్చేస్తుంది, ఇక కొలవడం దేనికి? రెండోది, ప్లుటోనియం-240 తనంతట తానే విచ్ఛిత్తి చెంది న్యూట్రాన్లు వదులుతుంది, వాటిని లెక్కపెడితే ప్లుటోనియం ఎంతో తెలిసిపోదా? ఇంత సింపుల్ అయితే దీని మీద ఇన్ని పేపర్లు ఎందుకున్నట్టు?

సీలు_కెమెరా

మొదటి డౌట్ నాకు వదిలెయ్యండి. మీరు చెప్పిన ఆ రికార్డు ఎవరు రాసింది? రియాక్టర్ నడిపేవాళ్ళే. ఐఏఈఏ (అంతర్జాతీయ అణుశక్తి సంస్థ) తనిఖీ అంటేనే వాళ్ళు రాసింది నిజమా కాదా అని చూడటం. వాళ్ళ అంకెలనే కోడ్‌లో వేసి, వచ్చిన జవాబు వాళ్ళ అంకెలతో సరిపోయిందని సంతోషిస్తే అది తనిఖీ ఎలా అవుతుందండి!

మామూలు పీడబ్ల్యూఆర్ (ఒత్తిడి నీటి రియాక్టర్) అసెంబ్లీ ఒకటి తీసుకోండి. 17 వరసలు, 17 నిలువులు, అందులో 264 ఇంధన రాడ్లు, మొత్తం యురేనియం 460 కిలోల దరిదాపు. బాగా కాలాక అందులో దాదాపు 1 శాతం ప్లుటోనియం, అంటే 4 నుంచి 5 కిలోలు. ఐఏఈఏ ప్లుటోనియానికి పెట్టుకున్న గీత, అంటే బాంబుకి సరిపోవచ్చని లెక్కేసుకున్న పరిమాణం, 8 కిలోలు. రెండు అసెంబ్లీలు చాలు ఆ గీత దాటడానికి. పైగా తీసేవాడు అసెంబ్లీ మొత్తం ఎత్తుకుపోవాల్సిన పనిలేదు, లోపలి నుంచి కొన్ని రాడ్లు లాగేసి డమ్మీలు పెట్టినా బయటికి అలాగే కనపడుతుంది.

ఇంకొకటి, ఫిన్లాండ్‌లో ఓంకాలో అని 400 మీటర్లకు పైగా లోతున రాతిలో శాశ్వత నిల్వ కట్టారు. రాగి డబ్బాలో పెట్టి మూత వేసి కిందికి దింపాక మళ్ళీ తీసి చూసేది ఉండదు. కొలిస్తే ముందే కొలవాలి.

మాంటీకార్లో_మూర్తి

ఒప్పుకోను. పూర్తిగా ఒప్పుకోను అనట్లేదు గానీ, కోడ్ లెక్కను అంత తేలిగ్గా తీసిపారెయ్యకండి. మొదట్లో యురేనియం-235 శాతం, బర్నప్ (ఇంధనం ఎంత కాలిందన్న కొలత), ఎన్నేళ్ళు చల్లారింది, ఈ మూడూ తెలిస్తే ప్లుటోనియం-239ని కొన్ని శాతాల తేడాతో ఏ డిప్లీషన్ కోడ్ (ఇంధనం కాలేకొద్దీ ఐసోటోపులు ఎలా మారతాయో లెక్కేసే ప్రోగ్రామ్) అయినా ఇచ్చేస్తుంది. బయటి నుంచి చేసే కొలతలు చాలావాటికి అంత కచ్చితత్వమే లేదు. కాబట్టి కొలత చెయ్యాల్సిన పని "ఎన్ని గ్రాములు" అని కాదు, "రికార్డు నిజమేనా" అని. ఆ రెండో ప్రశ్నకి ప్లుటోనియమే కొలవాలని లేదు, బర్నప్‌కి సూచిక ఏదైనా చాలు. సీజియం-134కీ సీజియం-137కీ ఉన్న నిష్పత్తి చూస్తే పనైపోతుంది కదా.

సీలు_కెమెరా

మూర్తి గారూ, గామా సంగతి మీకు తెలియంది కాదు. యురేనియం ఆక్సైడ్ అంత సాంద్రమైన పదార్థంలో సీజియం-137 నుంచి వచ్చే 662 కేఈవీ (కిలో ఎలక్ట్రాన్ వోల్టుల) గామా ఎంత దూరం వస్తుంది? బయటి రెండు మూడు వరసల రాడ్ల నుంచి వచ్చేదే డిటెక్టర్‌కి చేరేది. మధ్యలో రాడ్లు ఉన్నాయో లేవో దానికి పట్టదు. దొంగతనం జరిగితే జరిగేది ఆ మధ్యలోనే.

పాతకౌంటర్

వెన్నెల గారి రెండో డౌట్‌కి నేను చెబుతాను. ఈ రంగంలోకి వచ్చే ప్రతివాళ్ళూ మొదట అడిగేది అదే, మంచి ప్రశ్న.

ప్లుటోనియం-240 గ్రాముకి సెకనుకు 1,000 న్యూట్రాన్ల పైచిలుకు వదులుతుంది. అసెంబ్లీలో అది కిలోకి కాస్త ఎక్కువ ఉందనుకుంటే మొత్తం 12 లక్షలు. వినడానికి చాలానే ఉంది. ఇప్పుడు క్యూరియం-244 చూడండి. గ్రాముకి సెకనుకు 1 కోటి పైన. టన్నుకు 45 గిగావాట్-రోజులు కాలిన అసెంబ్లీలో అది పాతిక గ్రాముల స్థాయిలో ఉంటుంది, అంటే దాదాపు 27 కోట్లు. మీ కౌంటర్‌లో పడే ప్రతి 200 న్యూట్రాన్లలో ప్లుటోనియం-240 నుంచి వచ్చింది ఒకటి ఉంటే గొప్ప. ఆ ఒక్కదాన్ని ఏరడం జెట్ ఇంజను పక్కన నిలబడి గుసగుస వినడం లాంటిది.

ప్లుటోనియం-239 అయితే మరీ అన్యాయం, గ్రాముకి సెకనుకు 0.02 న్యూట్రాన్లు. అది ఉందో లేదో కూడా వినపడదు.

అందుకని న్యూట్రాన్లు లెక్కపెడితే మీకు తెలిసేది క్యూరియం ఎంతుందని. ప్లుటోనియం గురించి అది నేరుగా ఏమీ చెప్పదు. ఈ ఒక్క ముక్క బుర్రకెక్కితే మిగతా పేపర్లన్నీ ఎందుకు పుట్టాయో అర్థమైపోతుంది.

తలతిక్క_ప్రశ్న

క్యూరియం ఎక్కడిది అసలు? మనం వేసింది యురేనియమే కదా.

పాతకౌంటర్

యురేనియం-238 ఒక న్యూట్రాన్ మింగి, రెండు బీటా క్షయాల తర్వాత ప్లుటోనియం-239 అవుతుంది. అది మింగితే 240, ఇంకోటి మింగితే 241, ఇంకోటి మింగితే 242, మళ్ళీ మింగితే 243, అది క్షయమై అమెరీషియం-243, అది ఇంకొకటి మింగి చివరికి క్యూరియం-244. ఇన్ని మెట్లు ఎక్కాలి కాబట్టి ఇంధనం ఎంత ఎక్కువ కాలితే క్యూరియం అంత విపరీతంగా పెరుగుతుంది. న్యూట్రాన్ ఉద్గారం బర్నప్‌కి సుమారు నాలుగో ఘాతంలో పెరుగుతుంది. బర్నప్ రెట్టింపు అయితే న్యూట్రాన్లు 16 రెట్లు. తీసిన కొత్తల్లో క్యూరియం-242 కూడా హడావుడి చేస్తుంది గానీ దాని అర్ధజీవితం 163 రోజులే, రెండు మూడేళ్ళకి సద్దుమణుగుతుంది. 244ది 18.1 ఏళ్ళు, అది అంత తొందరగా వదలదు.

తలతిక్క_ప్రశ్న

అయితే 100 ఏళ్ళు ఆగి కొలిస్తే సరి 😀

పాతకౌంటర్

నవ్వులాటకి అన్నా లెక్కేస్తే సరదాగానే ఉంటుంది. 100 ఏళ్ళకి క్యూరియం-244 దాదాపు 2 శాతానికి పడిపోతుంది, 27 కోట్లు కాస్తా 60 లక్షలు. ప్లుటోనియం-240ది 6,500 ఏళ్ళ అర్ధజీవితం, అది కదలదు, అదే 12 లక్షలు. అప్పుడు ఆరింట ఒక వంతు దాని వాటా. ఇంకా క్యూరియందే పైచెయ్యి!

మాంటీకార్లో_మూర్తి

చూశారా, ఆ నాలుగో ఘాతం వల్లే క్యూరియం న్యూట్రాన్లు బర్నప్‌కి మంచి సూచిక. ఫోర్క్ డిటెక్టర్ చేసేది అదే. నీళ్ళలో అసెంబ్లీకి రెండు వైపులా రెండు చేతులు చాపినట్టు పెడతారు. అందులో ఫిషన్ ఛాంబర్లు న్యూట్రాన్లు లెక్కపెడతాయి, అయనీకరణ ఛాంబర్ మొత్తం గామా చూస్తుంది. రెండు అంకెలూ రికార్డు ప్రకారం రావాల్సిన చోట పడితే అసెంబ్లీ పాస్. ఐఏఈఏ, యూరాటమ్ (యూరప్ అణు సంస్థ) ఇనస్పెక్టర్లు దశాబ్దాలుగా వాడుతున్న పరికరం. న్యూట్రాన్‌కి యురేనియం పెద్ద అడ్డు కాదు కాబట్టి మధ్య రాడ్ల నుంచి కూడా బయటికి వస్తాయి, సీలు_కెమెరా గారి గామా అభ్యంతరం ఇక్కడ వర్తించదు.

సీలు_కెమెరా

వర్తించదు, కాకపోతే ఇంకోటి వచ్చి పడుతుంది. పూల్ నీళ్ళలో బోరాన్ ఉంటుంది, బోరాన్ న్యూట్రాన్లని మింగుతుంది, ఎంత ఉందో తెలియకపోతే మీ అంకె కదిలిపోతుంది. అసెంబ్లీ ఫోర్క్ మధ్యలో కాస్త పక్కకి జరిగినా కదులుతుంది. మధ్యలో కొన్ని రాడ్లు మార్చేసినా మొత్తం అంకెలో వచ్చే తేడా చిన్నదే, దాన్ని బోరాన్ ఖాతాలో వేసేసుకోవచ్చు. రాడ్లు లేకపోవడం పట్టుకోవాలంటే గామా టోమోగ్రఫీ మేలు. పీజీఈటీ అంటారు, ఐఏఈఏ 2017లో దాన్ని తనిఖీలకి ఆమోదించింది. అసెంబ్లీ చుట్టూ డిటెక్టర్లు తిప్పి అడ్డకోత బొమ్మ తీస్తుంది, రాడ్ లేని చోట నల్లగా ఖాళీ కనపడుతుంది. మధ్య రాడ్ల దగ్గర దానికీ కష్టమే, గామానే కదా.

వెన్నెల_ఫిజిక్స్

సరే, క్యూరియం సంగతి క్లియర్. అయితే ప్లుటోనియాన్ని, యురేనియం-235ని నేరుగా చూడాలంటే దారి లేదా?

పాతకౌంటర్

ఉంది. అవి తమంతట తాము మాట్లాడవు కాబట్టి మనమే కదిలించాలి. బయటి నుంచి న్యూట్రాన్లు కొట్టాలి. డ్యుటీరియం-ట్రిటియం జనరేటర్ నుంచి 14 ఎంఈవీ (మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల) న్యూట్రాన్లు చిన్న పల్స్‌గా పంపిస్తారు. నీళ్ళలో అవి నెమ్మదించి కొద్ది పదుల మైక్రోసెకన్లలో అయిపోతాయి. ఆ తర్వాత కూడా న్యూట్రాన్లు కనపడుతున్నాయంటే అవి లోపల విచ్ఛిత్తి నుంచి పుట్టినవి. ఎంత సేపు, ఎంత ఎత్తున కొనసాగాయి అన్నదాన్ని బట్టి విచ్ఛిత్తి చెందే పదార్థం ఎంతో తెలుస్తుంది. డిఫరెన్షియల్ డై-అవే అనేది దీన్నే.

ఇందులో కష్టం రెండు చోట్ల. జనరేటర్ చిన్నదైతే క్యూరియం మోతలో మన సిగ్నల్ మునిగిపోతుంది, 27 కోట్ల మీద గెలవాలి కదా. రెండోది ఇంకా మొండిది. యురేనియం-235, ప్లుటోనియం-239, ప్లుటోనియం-241 మూడూ నెమ్మది న్యూట్రాన్లకి విచ్ఛిత్తి చెందుతాయి, మూడూ కలిసే జవాబిస్తాయి. అందుకే ఈ పేపర్లలో "ప్లుటోనియం-239కి సమానమైన ద్రవ్యరాశి" అనే అంకె ఇస్తారు, మూడింటినీ తగిన గుణకాలతో కలిపేసి. విడగొట్టడానికి ఇంకో కొలత తోడు కావాలి, లేదంటే మూర్తి గారి కోడే దిక్కు.

మాంటీకార్లో_మూర్తి

😎

పాతకౌంటర్

జనరేటరే లేకుండా చేసే ఉపాయం కూడా ఒకటుంది, నాకు అన్నిట్లోకీ ఇష్టమైనది అదే. క్యూరియం మోత అని తిడుతున్నాం కదా, దాన్నే టార్చిలా వాడటం. అసెంబ్లీ నుంచి బయటికొచ్చిన న్యూట్రాన్లు నీళ్ళలోనో ప్లాస్టిక్‌లోనో తగిలి నెమ్మదించి కొన్ని వెనక్కి వెళతాయి, వెళ్ళి లోపల విచ్ఛిత్తి చేస్తాయి. చుట్టూ కాడ్మియం రేకు చుట్టి ఇంకోసారి కొలిస్తే ఆ వెనక్కి వెళ్ళే నెమ్మది న్యూట్రాన్లని కాడ్మియం తినేస్తుంది. రెండు కొలతల నిష్పత్తిని బట్టి లోపల గుణకారం ఎంత జరుగుతోందో తెలుస్తుంది. క్యూరియం ఎంతున్నా నిష్పత్తిలో కొట్టుకుపోతుంది. పీఎన్ఏఆర్ అంటారు. ఫిన్లాండ్ వాళ్ళు డబ్బాల్లో పెట్టేముందు తనిఖీకి పీజీఈటీతో జత కలిపింది దీన్నే. ఒకటి రాడ్లున్నాయా అని చూస్తుంది, రెండోది ఆ రాడ్లలో పస ఉందా అని చూస్తుంది.

ఒక్కబార్న్

ఇంతసేపూ చదువుతూ కూర్చున్నా, ఎవరూ రెజొనెన్స్ మాట ఎత్తట్లేదేంటి అని. మీరు చెప్పినవన్నీ మొత్తాలు, నిష్పత్తులు. ఐసోటోపుని పేరు పెట్టి గుర్తుపట్టేది ఒక్కటే, న్యూట్రాన్ రెజొనెన్స్ ట్రాన్స్‌మిషన్. ఎన్ఆర్‌టీఏ. వెన్నెల గారు ప్రాజెక్టు చెయ్యదగ్గది ఇదీ.

ప్రతి కేంద్రకమూ కొన్ని నిర్దిష్ట శక్తుల దగ్గర న్యూట్రాన్లని ఎగబడి మింగుతుంది. యురేనియం-238కి 6.67 ఎలక్ట్రాన్ వోల్టులు. ప్లుటోనియం-240కి 1.056. ప్లుటోనియం-242కి 2.67. ప్లుటోనియం-239కి 0.296, ఆపైన 7.8, 10.9, 11.9 దగ్గర ఇంకొన్ని. ఇప్పుడు అన్ని శక్తులూ కలిసిన న్యూట్రాన్ పల్స్‌ని రాడ్ మీదికి పంపి, అవతల, పల్స్ పుట్టిన చోటికి 10 మీటర్ల దూరాన డిటెక్టర్ పెట్టండి. వేగంగా వెళ్ళేవి ముందు వస్తాయి, నెమ్మదివి తర్వాత వస్తాయి, అంటే వచ్చిన టైమే శక్తి. ఫార్ములా గుర్తుపెట్టుకోండి: మైక్రోసెకన్లలో టైమ్ = 72.3 ఇంటూ మీటర్లలో దూరం, బై ఎలక్ట్రాన్ వోల్టుల వర్గమూలం. 10 మీటర్లకి యురేనియం-238 గుంట (అది మింగేయడంతో న్యూట్రాన్లు తగ్గిపోయిన చోటు) 280 మైక్రోసెకన్ల దగ్గర పడుతుంది. 442 దగ్గర ప్లుటోనియం-242. 704 దగ్గర ప్లుటోనియం-240. 1,329 దగ్గర ప్లుటోనియం-239. ఏ గుంట ఎంత లోతో చూస్తే ఆ ఐసోటోప్ ఎన్ని అణువులో.

లోతు సంగతి ఒక్కటి చూడండి, సరదాగా ఉంటుంది. ఇంధన గుళిక వ్యాసం 8 మిల్లీమీటర్ల పైన. దాని మధ్య నుంచి వెళ్ళే కిరణంలో 6.67 దగ్గర యురేనియం-238 ఒక్క న్యూట్రాన్‌ని కూడా వదలదు, పూర్తిగా నలుపు. కాబట్టి ఆ గుంట అడుగు కొలవడానికి పనికిరాదు, అంచులు, చిన్న రెజొనెన్సులు చూడాలి. ప్లుటోనియం-239, 0.6 శాతం ఉందనుకుంటే 0.296 దగ్గర క్రాస్ సెక్షన్ (న్యూట్రాన్ దానికి తగిలే అవకాశం, బార్న్‌లలో కొలుస్తారు) 5,000 బార్న్‌ల స్థాయి, దాని వల్ల 40 శాతం పైన ఆగిపోతాయి. కొలతకి ఇంతకంటే అనువైన లోతు దొరకదు. ప్లుటోనియం-240 అయితే పావు శాతమే ఉన్నా 1.056 దగ్గర క్రాస్ సెక్షన్ లక్ష బార్న్‌ల స్థాయి కాబట్టి గుంట దాదాపు నేల తాకుతుంది. ఎవరి వాటా ఎక్కువో వాళ్ళ గుంటే లోతుగా ఉంటుందనుకుంటే పప్పులో కాలేసినట్టే.

ఇంకా అసలు సుఖం ఏంటంటే పోల్చుకోడానికి స్టాండర్డ్ నమూనా అక్కర్లేదు. రాడ్ పెట్టి ఒకసారి, తీసేసి ఒకసారి కొలిచి భాగించడమే. మిగతాదంతా క్రాస్ సెక్షన్ లైబ్రరీలో ఉంటుంది.

తలతిక్క_ప్రశ్న

ఆ రాడ్ దగ్గర నిలబడితే మనిషే పోతాడంటారు, డిటెక్టర్ ఎలా బతుకుతుంది? క్యూరియం న్యూట్రాన్లు కూడా దాంట్లోకే వస్తాయి కదా. 27 కోట్లు.

ఒక్కబార్న్

27 కోట్లు అసెంబ్లీకి. ఒక్క రాడ్‌కి 264తో భాగిస్తే 10 లక్షలు. అవి అన్ని దిక్కులకీ పోతాయి. రాడ్ నుంచి 5 మీటర్ల దూరాన 10 చదరపు సెంటీమీటర్ల డిటెక్టర్ మీద పడేవి సెకనుకు మూడు. అవును, మూడే! అవి కూడా ఎక్కువ వేగం ఉన్నవి, లిథియం-6 గాజు డిటెక్టర్ వాటిని పెద్దగా పట్టించుకోదు. అసెంబ్లీ పక్కనే కౌంటర్ పెట్టేవాళ్ళని ఏడిపించిన క్యూరియం ఇక్కడ చీమంత. దూరమే మందు.

గామా మాత్రం నిజంగానే తలనొప్పి. 1 సెంటీమీటరు రాడ్ ముక్కలో సీజియం-137 ఒక్కటే సెకనుకు వేల కోట్ల క్షయాల స్థాయి. సన్నటి కాలిమేటర్ (కిరణాన్ని ఒకే దారిలో పంపే సన్న రంధ్రం), మందపాటి సీసం, గామాకి మొద్దుగా ఉండే డిటెక్టర్, ఈ మూడూ ఉండాల్సిందే. అదృష్టం ఏంటంటే ఆ గామా టైమ్‌తో మారదు, చదునుగా ఉంటుంది. గుంట టైమ్‌లో ఒక చోటే ఉంటుంది. చదును బ్యాక్‌గ్రౌండ్ మీద గుంటని గుర్తుపట్టొచ్చు.

సీలు_కెమెరా

అంతా బానే ఉంది గానీ ఇది ఒక్క రాడ్‌కి. ఇనస్పెక్టర్ ముందుండేది నీళ్ళలో మునిగి ఉన్న అసెంబ్లీ. ఎలక్ట్రాన్ వోల్టు శక్తి న్యూట్రాన్ 17 రాడ్లు దాటి అవతలికి వస్తుందా? మధ్యలో నీళ్ళుంటే హైడ్రోజన్ దాన్ని ఎటో తన్నేస్తుంది.

ఒక్కబార్న్

రాదు. పొడిగా ఉండాలి, ఒకటో కొన్నో రాడ్ల మందం దాటకూడదు. పూల్ పక్కన పెట్టి గంటకి పది అసెంబ్లీలు చూసే పరికరం కాదిది. కానీ హాట్ సెల్‌లో (రేడియోధార్మిక పదార్థాలతో పనిచేసే మందపాటి గోడల గదిలో) ఒక రాడ్ ముక్కని కరిగించి మాస్ స్పెక్ట్రోమీటర్‌లో పెట్టే పనికి ఇది పోటీ. కరిగిస్తే 1 శాతం లోపు కచ్చితత్వం వస్తుంది నిజమే, కానీ నమూనా పోతుంది, రేడియోధార్మిక ఆసిడ్ వ్యర్థం మిగులుతుంది, గుళికలో ఏ మూల ఏముందో తెలియకుండా అంతా కలిసిపోతుంది.

ఆ చివరిది చిన్న విషయం కాదు. ఎక్కువ కాలిన గుళికలో బయటి 100-200 మైక్రాన్ల పొరలో ప్లుటోనియం గుట్టపడుతుంది. ఎందుకో తెలుసా? 6.67 ఎలక్ట్రాన్ వోల్టుల న్యూట్రాన్లు గుళిక లోపలికి వెళ్ళలేవు, బయటి చర్మంలోనే యురేనియం-238 వాటిని మింగి ప్లుటోనియంగా మారుతుంది. మన కొలతలో నల్లగా కనపడే ఆ గుంటే రియాక్టర్‌లో ఈ పొరని తయారుచేసింది. లాస్ అలమోస్‌లో లాన్స్ అనే చోట 800 ఎంఈవీ ప్రోటాన్లని టంగ్‌స్టన్ మీద కొట్టి న్యూట్రాన్లు పుట్టిస్తారు. అక్కడ 55 మైక్రాన్ల పిక్సెల్ ఉన్న డిటెక్టర్లతో ప్రతి పిక్సెల్‌లోనూ టైమ్ స్పెక్ట్రమ్ తీసి, ఇంధన గుళికల్లో ఐసోటోపుల మ్యాప్ గీసే పని చేశారు. రెండు మూడు పిక్సెళ్ళలో ఆ పొర పడుతుంది. గుళిక గుండ్రంగా ఉంటుంది కాబట్టి తిప్పుతూ టోమోగ్రఫీ చెయ్యాలి, లేదంటే ముందు పొర, వెనక పొర కలిసిపోతాయి.

మాంటీకార్లో_మూర్తి

ఇది నాకు నచ్చింది. కోడ్ ఆ పొరని సరిగ్గా చూపిస్తోందా లేదా అని సరిచూడ్డానికి ఇలాంటి డేటానే కావాలి. అసెంబ్లీ తనిఖీకి ఇది కొరగాదని సీలు_కెమెరా గారు అన్నది నిజమే, కానీ నా కోడ్‌ని నమ్మొచ్చా లేదా అని తేల్చేది ఇదే.

పాతకౌంటర్

ఒక్కబార్న్ గారూ, అసెంబ్లీ మొత్తానికి రెజొనెన్స్ పద్ధతి ఒకటుంది కదా, సీసం దిమ్మె. లెడ్ స్లోయింగ్-డౌన్ స్పెక్ట్రోమీటర్. సీసంలో న్యూట్రాన్ ప్రతి ఢీకీ కొంచెమే శక్తి కోల్పోతుంది కాబట్టి గుంపంతా కలిసికట్టుగా నెమ్మదిస్తుంది, పల్స్ తర్వాత ఎంత టైమైందో చూస్తే సగటు శక్తి తెలుస్తుంది. 10 మీటర్ల గొట్టం అక్కర్లేదు.

ఒక్కబార్న్

ఉంది, దాని మీద నాకు గౌరవం కూడా ఉంది. కాకపోతే ఒక్కో వైపు 1.8 మీటర్లున్న సీసం ఘనం అంటే లెక్కేసుకోండి, 65 టన్నులు పైమాటే. శక్తి విభజన (దగ్గరదగ్గర శక్తుల్ని విడదీసి చూడగలగడం) 30 శాతం దగ్గర ఆగిపోతుంది. 0.26 దగ్గర ప్లుటోనియం-241, 0.296 దగ్గర 239 ఉంటే రెండూ ఒకే ముద్ద. తీవ్రత మాత్రం భలే ఉంటుంది, క్యూరియం మోత మీద గెలవగలిగేంత.

వెన్నెల_ఫిజిక్స్

0.3 దగ్గర ఇంతమంది ఉంటే ఎన్ఆర్‌టీఏలో మాత్రం విడగొట్టగలమా? టేబుల్ చూస్తుంటే అమెరీషియం-241 కూడా 0.306 దగ్గరే కనపడుతోంది.

ఒక్కబార్న్

బాగా చూశారు. ప్లుటోనియం-241 అర్ధజీవితం 14.3 ఏళ్ళు, అది క్షయమై అమెరీషియం-241 అవుతుంది. అంటే పాత ఇంధనంలో 0.26 గుంట పూడుకుపోతూ 0.306 గుంట లోతవుతుంటుంది, మధ్యలో మన 239 గుంట ఇరుక్కుని ఉంటుంది. యురేనియం-235కి కూడా 0.29 దగ్గర చిన్న బంప్ ఉంది. విడిగా కొలవలేం, అన్నీ కలిపి ఫిట్ చెయ్యాలి. అమెరీషియంకి 1.27 దగ్గర ఇంకోటి ఉంది, కానీ అక్కడ విచ్ఛిత్తి శకలం రోడియం-103 1.26 దగ్గర కూర్చుని ఉంటుంది, ఇదీ మన ఖర్మ. 0.57 దగ్గరిది శుభ్రంగా ఉంటుంది, అమెరీషియం అక్కడ పట్టుకోండి. 239ని 7.8, 10.9 దగ్గర మళ్ళీ సరిచూసుకోండి. శకలాలు అన్నీ అడ్డంకులే అనుకోకండి, టెక్నీషియం-99 5.58 దగ్గర, సీజియం-133 5.9 దగ్గర, జెనాన్-131 14.4 దగ్గర కనపడతాయి. అవి బర్నప్ చెబుతాయి. రాడ్ తొడుగు జిర్కోనియం ఈ శక్తుల్లో దాదాపు పారదర్శకం, ఆక్సిజన్ కూడా అంతే.

సీలు_కెమెరా

ఫుకుషిమా శిథిలాలకి జపాన్ వాళ్ళు దీన్ని అనుకున్నారు కదా?

ఒక్కబార్న్

అవును, జేఏఈఏ (జపాన్ అణుశక్తి సంస్థ) వాళ్ళు న్యూట్రాన్ రెజొనెన్స్ డెన్సిటోమెట్రీ అని పేరు పెట్టి, బెల్జియంలోని గీల్‌లో ఉన్న జెలీనా యాక్సిలరేటర్ దగ్గర పరీక్షలు చేశారు. అక్కడ కోడ్ పనిచెయ్యదు, అసలు విషయం అది. కరిగి, ఇనుముతో కాంక్రీటుతో కలిసిపోయిన ముద్దకి ఏ రికార్డు పెడతారు? దాంట్లో బోరాన్ కలిసి ఉండొచ్చు, బోరాన్‌కి రెజొనెన్స్ ఉండదు, శక్తి కిందికి పోయేకొద్దీ ఇంకా ఎక్కువగా, నున్నగా మింగేస్తుంటుంది, దాన్ని ట్రాన్స్‌మిషన్ ఒక్కటే చూసి గుర్తుపట్టలేం. అందుకే పక్కనే గామా డిటెక్టర్లు పెట్టి, న్యూట్రాన్ మింగినప్పుడు వచ్చే గామాని చూసే పద్ధతి జోడించారు. ఇంకో చిక్కు, ముక్కలు పొడిగా గులకరాళ్ళలా ఉంటే సందుల్లోంచి న్యూట్రాన్లు జారిపోయి గుంట తక్కువ లోతుగా కనపడుతుంది. రేణువుల సైజుకి కరెక్షన్ వెయ్యాలి. 2024 నవంబరులో రెండో యూనిట్ నుంచి తీసిన మొదటి ముక్క 1 గ్రాము కూడా లేదు, లోపల ఉన్నది 880 టన్నులని అంచనా.

వెన్నెల_ఫిజిక్స్

అయితే సిమ్యులేషన్ చేస్తాను. ఒక్క రాడ్, 10 మీటర్ల దారి. పల్స్ రేటు ఎంత పెట్టుకోవాలి? జెలీనా 800 హెర్ట్జ్ వరకు నడుస్తుందని చదివాను, ఎక్కువ పెడితే గణాంకాలు బాగుంటాయి కదా.

మాంటీకార్లో_మూర్తి

పెట్టండి, 239 ఎక్కడుందో వెతుక్కోండి 😀

ఒక్కబార్న్

మూర్తి గారూ, ఏడిపించకండి. వెన్నెల గారూ, 800 హెర్ట్జ్ అంటే పల్స్‌కీ పల్స్‌కీ మధ్య 1,250 మైక్రోసెకన్లు. 239 గుంట 1,329 దగ్గర. అంటే అది చేరేలోపే తర్వాతి పల్స్ బయలుదేరిపోతుంది, ఆ 0.296 న్యూట్రాన్లు కొత్త పల్స్‌లో 79 మైక్రోసెకన్ల దగ్గర దిగుతాయి. మీ ప్రోగ్రామ్ వాటిని 84 ఎలక్ట్రాన్ వోల్టుల న్యూట్రాన్లు అనుకుంటుంది. ఈ గందరగోళం రాకుండా మామూలుగా దారిలో కాడ్మియం ఫిల్టర్ పెడతారు, నెమ్మదివాటిని అది ఆపేస్తుంది. కానీ కాడ్మియం 0.5 కింద అంతా మింగుతుంది, దానితో పాటే మీ 0.296 కూడా పోయింది. 7.8, 10.9 చాలనుకుంటే కాడ్మియం పెట్టి వేగంగా నడపండి. 0.296 కావాలంటే కాడ్మియం తీసేసి రేటు తగ్గించండి. 50 హెర్ట్జ్ పెడితే 20,000 మైక్రోసెకన్ల జాగా ఉంటుంది, 10 మీటర్లకి 0.01 ఎలక్ట్రాన్ వోల్టుల న్యూట్రాన్ కూడా 7,230లో వచ్చేస్తుంది.

వెన్నెల_ఫిజిక్స్

రెండు రన్లూ చేస్తాను. కాడ్మియంతో 800, లేకుండా 50. మొదట యురేనియం-238, ప్లుటోనియం-240 మాత్రమే పెట్టి 280, 704 దగ్గర గుంటలు వస్తున్నాయో లేదో చూసి ఆ తర్వాత మిగతావి కలుపుతా.

పాతకౌంటర్

మోడరేటర్ (న్యూట్రాన్లని నెమ్మదింపజేసే పదార్థం) మందం మర్చిపోకండి. న్యూట్రాన్ పుట్టిన క్షణానికీ మోడరేటర్ వదిలిన క్షణానికీ తేడా ఉంటుంది, దాన్ని సున్నా అనుకుంటే అసలు కొలతలో గుంటలు మీ లెక్కకంటే కాస్త ఆలస్యంగా, వెడల్పుగా వస్తాయి.

మాంటీకార్లో_మూర్తి

ఉష్ణోగ్రత కూడా. క్రాస్ సెక్షన్ ఫైలు సున్నా కెల్విన్‌ది తీసుకున్నారంటే ప్లుటోనియం-240 శిఖరం ఉండాల్సిన దానికంటే సన్నగా, ఎత్తుగా వస్తుంది. 293 కెల్విన్‌ది దించుకోండి, చల్లారిన రాడే కదా మీరు కొలిచేది.